పదకొండు సార్లు అవును

"ప్రోగ్రామంతా నాదేనండీ. తెర మీద ఆ డబ్బాల్లో వచ్చే మాటలు మాత్రం మా చెల్లెమ్మ రాసింది."

అన్నయ్యగారు ఈ మాట అన్నప్పుడు నేను టీ కప్పుల ట్రే పట్టుకుని ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. కౌంటరు ముందు కుర్చీల్లో కళ్లద్దాల వర్తకుల సంఘం అధ్యక్షుడూ, మరో ఇద్దరు సభ్యులూ కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడు నా వైపు తిరిగి, "బాగా రాశావమ్మా, ఒక్క అక్షరం తప్పు లేదు," అన్నారు. ట్రే వంచితే నాలుగు కప్పులూ ఎవరెవరి ఒళ్లో పడతాయో లెక్క వేసుకున్నాను. రెండు అధ్యక్షుడి మీదే పడేలా ఉన్నాయి. ఆయన ఏ పాపమూ ఎరగరు. ట్రే బల్ల మీద పెట్టి మేడెక్కి వచ్చేశాను.

అన్నయ్యగారంటే నా తోడబుట్టినవాడు కాదు, మా ఆడపడుచు భర్త. మా అత్తగారికి ఒక్కగానొక్క అల్లుడు. ఆయన గుమ్మంలో అడుగుపెడితే ఫ్యాను కింది కుర్చీ ఖాళీ అయిపోవాలి, అందులో కూర్చున్నది ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన మనిషైనా సరే. మామగారు పోయాక కళ్లద్దాల కొట్టు మా ఆయనకూ ఆయనకూ ఉమ్మడి అయింది. ముందు కౌంటరు అన్నయ్యగారిది, అక్కడ కావలసింది మాటలు కాబట్టి. వెనక చీకటి గది మా ఆయనది. వచ్చినవాళ్లను అక్షరాల బోర్డు ఎదుట కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని రోజుకు మూడు వందల సార్లు అడుగుతారు. అలా అడిగి అడిగి, తనకంటూ ఏది బాగుంటుందో ఆయన మరిచిపోయారు. ఆ గది వెనక రేకుల షెడ్డులో అద్దాలు అరగదీసే మేస్త్రి ఉంటాడు. మేడ మీద మేము.

రెండేళ్ల కిందటి వరకూ అంతా చీటీల మీదే నడిచేది. చీకటి గదిలో మా ఆయన రాసిన చీటీ కౌంటరు మీదుగా షెడ్డుకు చేరేసరికి దాని మీద ఒక టీ మరక, రెండు ఫోన్ నంబర్లు, అన్నయ్యగారు ఫోన్లో మాట్లాడుతూ గీసిన పువ్వులు చేరేవి. ఒకసారి ఒక లెక్కల టీచరమ్మ చీటీలో సిలిండర్ పవర్ ఉంది, యాక్సిస్ లేదు. సిలిండర్ అద్దాన్ని ఏ కోణంలో కూర్చోబెట్టాలో చెప్పేదే యాక్సిస్. అది లేకపోయేసరికి మేస్త్రి తనకు తోచిన కోణంలో కూర్చోబెట్టాడు. టీచరమ్మ మూడో రోజున వచ్చి, "మీ అద్దాలు పెట్టుకుంటే మా ఇల్లు ఎడమవైపుకు ఒరుగుతోందండీ. మా ఇంటాయన కూడా," అంది.

నేను కాలేజీలో చదివింది కంప్యూటర్లే. పెళ్లయ్యాక ఆ పట్టా బీరువాలో అడుగున పరుపు దుప్పట్ల కింద చేరింది. టీచరమ్మ వెళ్లిన మర్నాడు దాన్ని కాదు గానీ, పాత పుస్తకాలను బయటికి తీశాను. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే రెండు గంటల్లో, ఎనిమిది నెలలు కూర్చుని, కొట్టుకు ఒక ప్రోగ్రాం రాశాను. చీకటి గదిలో మా ఆయన అంకెలు కొడితే అవి నేరుగా షెడ్డులో మేస్త్రి ముందున్న తెర మీద కనిపిస్తాయి. మధ్యలో పువ్వులుండవు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది మెసేజ్ బాక్సుల మీద. పని మధ్యలో తెర మీద హఠాత్తుగా లేచి నిలబడే చిన్న పెట్టె అది. కౌంటరులో అందరూ దాన్ని డబ్బా అనేవారు. జవాబు చెప్పేదాకా వెనక ఏదీ కదలనివ్వదు. నడుము మీద చేతులు పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ పెద్దావిడ లాంటిది. దానికి శీర్షిక ఏం పెట్టాలి, పక్కన ప్రశ్న గుర్తు వేయాలా, పసుపు త్రికోణం వేయాలా, ఎన్ని బటన్లు ఇవ్వాలి అన్నది రాసేవాళ్ల చేతిలో ఉంటుంది. చాలామంది అందులో "ఇన్‌పుట్ చెల్లదు" అని పడేసి ఊరుకుంటారు. నాకు అలా మనసొప్పలేదు. "సిలిండర్ రాశారు, యాక్సిస్ రాయలేదు. మేస్త్రి ఊహించుకోవాలా?" అని రాశాను. "పాత అద్దాలు మైనస్, కొత్తవి ప్లస్ అంటున్నారు. కళ్లు మారాయా, మనిషే మారాడా?" అని రాశాను. షెడ్డులో మేస్త్రి వాటిని పైకి చదివి, తనలో తను నవ్వుకునేవాడు. ఇల్లు ఒరిగిందని ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఏ డబ్బా ఎప్పుడు లేచింది, ఎవరు ఏ బటన్ నొక్కారు, ఎన్ని సెకన్లకు నొక్కారు అన్నది ప్రోగ్రాం ఒక పట్టీలో రాసుకునేలా చేశాను. మళ్లీ టీచరమ్మ లాంటి గొడవ వస్తే తప్పు ఎవరిదో తేలాలి కదా. అప్పట్లో నా ఉద్దేశం అంతే. ఒట్టు.

ప్రతి ప్రోగ్రాంలోనూ "గురించి" అని ఒక చిన్న కిటికీ ఉంటుంది, ఎవరు రాశారో చెప్పడానికి. అందులో నా పేరు ఇంటిపేరుతో సహా పెట్టుకున్నాను. పెళ్లి శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులాంటి అక్షరాల్లో చూసుకోవడం అదే మొదలు. ఆ రోజు ట్రే దించి వచ్చాక, కింద ఎవరూ లేని సమయం చూసి ఆ కిటికీ తెరిచాను. అన్నయ్యగారి పేరు ఉంది. పక్కన "రూపకర్త" అని కూడా ఉంది. నేను నా పేరు పక్కన అంత మాట వేసుకోలేదు.

ఎలా జరిగిందో అర్థమైంది. నెల కిందట, "ఎందుకైనా మంచిది, ఇంకో కాపీ నా దగ్గర పెట్టమ్మా," అంటే ఫోల్డరంతా ఇచ్చాను. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడెవడి చేతో ఆ ఒక్క లైను మార్పించారు.

మర్నాడు ఉదయం కొట్టు తెరవగానే అడిగాను.

"అన్నయ్యగారూ, ఆ గురించి కిటికీలో నా పేరు ఉండాలి కదండీ."

"ఏ పేరైతే ఏంటమ్మా. ఒకే కుటుంబం."

"అయితే నాదే ఉంచేద్దాం."

ఆయన నవ్వారు. చిన్నపిల్ల ముద్దుగా మాట్లాడితే నవ్వే నవ్వు. "సంఘం వాళ్లు మూడు వారాల్లో ప్రోగ్రాం చూసి, నచ్చితే మొత్తం నలభై రెండు కొట్లలోనూ పెట్టిస్తారట. రాసినవాళ్లే వెళ్లి అందరికీ నేర్పాలి, ఎవరికి ఏం వచ్చినా చూడాలి. నువ్వెక్కడ తిరుగుతావు చెప్పు?"

"తిరుగుతానండీ."

"చాల్చాల్లే. నువ్వు ఆ డబ్బాల సంగతి చూడు. పెద్దమనుషుల ముందు ఉంటుంది కాబట్టి మాటలు కాస్త మార్చు. నీకెలా తోస్తే అలా మార్చేయ్. అయినా అవెవడు చదువుతాడు?"

నలభై రెండు కొట్లు. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో నేను ఒక్కదాన్నీ వెళ్లివచ్చే కొట్లు రెండు, అందులో ఒకటి మందులది. ఆ నలభై రెండూ నావి. ఆయన వాటిని నా చేతిలోంచి లాక్కుని, డబ్బాలు నాకు వదిలేశారు. నీకెలా తోస్తే అలా అని కూడా అన్నారు.

ఆ మధ్యాహ్నం మా ఆయనకు భోజనం వడ్డిస్తూ సంగతి చెప్పాను. ఆయన అంతా విన్నారు. "బావతో ఇప్పుడెందుకు చెప్పు," అన్నారు.

"ఎప్పుడు బాగుంటుంది? ఇప్పుడా, తర్వాతా?" అన్నాను ఆయన చీకటి గది గొంతుతో.

ఆయన తలొంచుకుని తినేశారు. మర్నాడు ఆయన తెర మీద ఒక డబ్బా లేపాను. "మీ బావగారితో మాట్లాడతారా?" కింద రెండు బటన్లు: అవును, కాదు. సాయంత్రం పట్టీ తెరిచి చూశాను. పదిహేడు సెకన్లు చదివారు. చదివి, కాదు నొక్కారు. అన్నయ్యగారు చేసినదాని కంటే ఆ పదిహేడు సెకన్లు నన్ను ఎక్కువ గుచ్చాయి. సరే, ఆయన వంతు తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

అన్నయ్యగారి పట్టీ మాత్రం చూసేకొద్దీ ముచ్చటేసింది. రెండేళ్లలో ఆయన ఏ డబ్బాకూ అర సెకను కంటే ఎక్కువ ఇవ్వలేదు. ప్రతిదానికీ అవును. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆయనకు చత్వారం వచ్చి ఐదారేళ్లయింది. కొట్టుకు వచ్చినవాళ్లకు, "చత్వారం ముసలితనం కాదండీ, అద్దాలు పెట్టుకుంటే హుందాతనం," అని రోజుకు పదిమందికి అమ్ముతారు. తను మాత్రం పెట్టుకోరు. జుట్టుకు రంగు వేసే మనిషి ముక్కు మీద అద్దాలెలా పెడతాడు? కాగితం ఇస్తే చెయ్యి చాపి చాపి చూసి, చెయ్యి చాలకపోతే, "రాత బాగా లేదు," అంటారు. ఎదురింటి గోడ మీద అంటించిన కాగితాన్ని ఇక్కణ్నుంచే చదువుతారు గానీ, ముక్కు ముందున్న తెర మీది అక్షరాలు ఆయనకు చీమల బారు.

మొదటి డబ్బా సోమవారం పెట్టాను. ఆయన పేరుతో లోపలికి వచ్చినప్పుడు మాత్రమే లేచేలా పెట్టాను. అద్దాల అంకెల జోలికి, మిగిలినవాళ్ల డబ్బాల జోలికి పోలేదు. నా పగ ఒక్క మనిషి మీద. జనం కళ్ల మీద కాదు.

"ఈ డబ్బాలు మీరు చదవడం లేదని నా అనుమానం. నిజమేనా?"

అర సెకను. అవును.

ఆ రోజు కూర ఎంత బాగా కుదిరిందో అని అత్తగారు రెండోసారి వడ్డించుకున్నారు.

మంగళవారం: "ఈ ప్రోగ్రాంలో మీరు ఒక్క అక్షరమైనా రాయలేదు. ఒప్పుకుంటారా?" అవును. గురువారం: "గురించి కిటికీలో మీ పేరు దొంగతనంగా పెట్టించారు. అంతేనా?" అవును. శుక్రవారం కాస్త ఉదారంగా, "సిగ్గుపడుతున్నారా?" అని అడిగాను. దానికీ అవునే. మనిషి ఇంత నిజాయితీగా ఉండగలడని నేను అనుకోలేదు.

రెండో వారంలో ఒకరోజు నేను కౌంటరు వెనక బీరువా తుడుస్తుండగానే ఒకటి లేచింది. ఆయన కొనడానికి వచ్చిన ఒకాయనతో ఫ్రేముల గురించి మాట్లాడుతూనే, అటు చూడకుండా మౌసు నొక్కారు. "మీ చెల్లెమ్మకు అందరి ముందూ క్షమాపణ చెబుతారా?" అన్న డబ్బా అది. అవును అని నొక్కి, వచ్చినాయనతో, "మీ ముఖానికి గుండ్రటివి నప్పవండీ," అన్నారు. తుడిచిన అరనే నేను ఇంకోసారి తుడిచాను.

పట్టీ ఒక కాగితం మీద అచ్చు తీసుకుని, పప్పుల డబ్బా మూత కింద దాచుకున్నాను. దాచుకున్న చోటు మంచిది కాదు. అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయి కొత్త అద్దాలు వచ్చినప్పటి నుంచి ఆవిడకు కనపడినదల్లా చదవడం ఒక వ్యసనంగా మారింది. మందు సీసాల మీది సన్న అక్షరాలు కూడా వదలరు. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆ కాగితం ఆవిడ చేతిలో ఉంది.

"‘సిగ్గుపడుతున్నారా? అవును. సున్నా పాయింట్ నాలుగు సెకన్లు.’ ఇదేంటమ్మాయ్?"

దాచి లాభం లేదనిపించింది. మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అందుకే నాకు భయం వేసింది.

"అంటే అల్లుడుగారు ఇవన్నీ ఒప్పుకున్నట్టేనా?"

"తొమ్మిది సార్లు, అత్తయ్యా."

"చదవకుండా."

"చదవకుండానే."

ఆవిడ అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "కిందటేడు మా అక్క ఉత్తరం రాసింది, గుర్తుందా? నాకు మసకలు. చదివి పెట్టమని ఆయనకిచ్చాను. అలా చెయ్యి చాపి చూసి, ‘అంతా క్షేమమేనట అత్తయ్యగారూ,’ అన్నాడు. నేను ఫ్యాను కింద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పది రోజులకు తెలిసింది, అది తుంటి విరిగి మంచం మీద నుంచి రాసిందని. ‘రాసినా రాలేదేంటే’ అని అది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు."

అత్తగారు అల్లుణ్ని ఏకవచనంలో అనడం నేను వినడం అదే మొదలు. కాగితం మడత పెట్టి నా చేతికి ఇచ్చారు.

"పప్పుల డబ్బాలో పెట్టకు. చీమలు పడతాయి. ఆ మీటింగుకు నేనూ వస్తాను. అల్లుడుగారి గౌరవం కదా."

ఆదివారం ఉదయం పదింటికి సంఘం హాల్లో నలభై మందికి పైగా చేరారు. అప్పటికి పట్టీలో పదకొండు అవునులున్నాయి. సంఘం సెక్రటరీ హోదాలో అన్నయ్యగారు కొత్త చొక్కా, జుట్టుకు తాజా రంగుతో వేదిక మీద బల్ల ముందు నిలబడ్డారు. ల్యాప్‌టాప్ ఆయన ముందు. ఆయన వెనక గోడంతా నిండేలా దాని బొమ్మ. సంగతేమిటంటే, ఆయన ముఖం జనం వైపు, వీపు గోడ వైపు. ముందు వరుసలో అధ్యక్షుడి పక్కనే అత్తగారు, ఒళ్లో చేతిసంచీ. చివరి వరుసలో నేనూ, మా ఆయనా, మేస్త్రీ.

అన్నయ్యగారు తన పేరుతో లోపలికి వెళ్లారు. "ముందు ఒక ఆర్డరు తీసుకుందాం," అంటూ అంకెలు కొట్టారు. కావాలనే యాక్సిస్ వదిలేశారు. గోడ మీద డబ్బా లేచింది: మేస్త్రి ఊహించుకోవాలా? హాలంతా నవ్వి, చప్పట్లు కొట్టింది. ప్రతివాడికీ ఒక టీచరమ్మ అనుభవం ఉన్నట్టుంది.

తర్వాత సేవ్ నొక్కారు. ఇంకో డబ్బా లేచింది.

కళ్లద్దాల వర్తకులకు ఒక అలవాటు ఉంటుంది. గోడ మీద అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేరు, అదీ పైకి. వృత్తి అలాంటిది. ముందు వరుసలో ఒకాయన బోర్డు చదివినట్టు మొదలుపెట్టాడు. "ఈ... డబ్బాను... చదవకుండానే... అవును... నొక్కబోతున్నాను." అన్నయ్యగారు అవును నొక్కారు. నాలుగు నవ్వులు వినిపించాయి. మెచ్చుకుంటున్నారనుకుని ఆయన తల పంకించారు.

మూడోది లేచింది. ఈసారి పది గొంతులు కలిశాయి. "ఈ ప్రోగ్రాం రాసింది మీరు కాదు. రాసినావిడ చివరి వరుసలో కూర్చుని ఉన్నారు. గురించి కిటికీలో మీ పేరు తీసి ఆవిడ పేరు పెట్టమంటారా?"

నలభై తలలు వెనక్కి తిరిగాయి. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంట్లో ఎలా ఉంటానో అలాగే ఉన్నాను. లోపల మాత్రం లెక్క వేసుకుంటున్నాను. ఈ నిమిషంలో ఆయన నవ్వి తోసేస్తే, నలభై రెండు కొట్లూ పోతాయి. మిగిలేవి ఆ పాత రెండు కొట్లే.

అన్నయ్యగారి వేలు మౌసు మీదికి వెళ్లింది. అధ్యక్షుడు చెయ్యెత్తారు.

"సెక్రటరీగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడు అదేం అడుగుతోంది?"

అన్నయ్యగారు తెర మీదికి వంగారు. వెనక్కి జరిగారు. గడ్డం పైకెత్తి చూశారు. "మామూలేనండీ. సేవ్ చేయమంటారా అని."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలోంచి అత్తగారు లేచారు. మెల్లగా వేదిక దగ్గరికి నడిచి, చేతిసంచీలోంచి ఒక అద్దాల పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. మా కొట్టుదే, దగ్గరి చూపుకు ప్లస్ రెండు.

"పెట్టుకోండి బాబూ. ఊహించి చదవడం మీకు కలిసి రాదు."

"అత్తయ్యగారూ, నాకెందుకు ఇవన్నీ," అంటూ ఆయన అద్దాలను తప్పించుకోవడానికి గోడ వైపు తిరిగారు. దూరపు చూపు ఆయనది మహా బాగా ఉంటుందని చెప్పాను కదా. గోడంత అక్షరాలను ఒక్క పొల్లు పోకుండా చదివారు. పెదవులు కదలడం చివరి వరుసలోంచి కూడా కనిపించింది. "చివరి వరుసలో" అన్న దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూశారు. పధ్నాలుగేళ్లలో ఆయన నన్ను చూడడం అదే మొదటిసారి అనిపించింది.

డబ్బా మూలన ఉండే కొట్టివేత గుర్తు మీద నొక్కారు. అవును-కాదు డబ్బాకు ఆ గుర్తు పని చేయదు. జవాబు చెప్పవలసిందే. ఇంకో రెండు సార్లు నొక్కారు. హాల్లో ఎవరో, "సమాధానం చెప్పండి గురువుగారూ, అది పోదు," అన్నారు. ఆయన కాదు నొక్కారు.

అదీ ఆలోచించుకునే పెట్టాను. వెంటనే ఇంకోటి లేచింది. ఈసారి హాలు మొత్తం చదివింది.

"కొట్టులో పదకొండు సార్లు అవునన్నారు. ఈ ఒక్కటీ చదివి నొక్కారన్నమాట. ధన్యవాదాలు."

దాని కింద పట్టీ. తేదీ, సమయం, ప్రశ్న, జవాబు, సెకన్లు. సున్నా పాయింట్ నాలుగు, సున్నా పాయింట్ ఐదు, సున్నా పాయింట్ నాలుగు. మేస్త్రి నా పక్కన, "సిగ్గుపడుతున్నారా, అవును," అని గట్టిగా చదివి, అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత హాలును ఎవరూ ఆపలేకపోయారు.

"ఇది కుట్రండీ," అన్నారు అన్నయ్యగారు. "ఆవిడ డబ్బాల్లో మాటలు మార్చింది. అంతే."

"మార్చమన్నది మీరేగా అన్నయ్యగారూ," అన్నాను లేచి నిలబడి. "నీకెలా తోస్తే అలా అన్నారు."

"ఇంతకీ ప్రోగ్రాం ఎవరు రాశారు?" అన్నారు అధ్యక్షుడు.

నేను నోరు తెరిచేలోపే పక్కన కుర్చీ కిర్రుమంది. మా ఆయన లేచారు. నేల చూపులు చూస్తూనే అన్నారు గానీ, అందరికీ వినపడేలా అన్నారు.

"మా ఆవిడండీ. ఎనిమిది నెలలు. నేను చూశాను."

సరిగ్గా మూడు వారాల ఆలస్యం. అయినా పట్టీలో వేసుకున్నాను.

అధ్యక్షుడు నన్ను వేదిక మీదికి పిలిచి మూడు ప్రశ్నలు అడిగారు. ఎవరైనా ప్లస్‌కు బదులు మైనస్ కొడితే ఏమవుతుంది, రెండు కొట్లవాళ్లు ఒకే ఆర్డరు తెరిస్తే ఏమవుతుంది, కరెంటు పోతే ఏమవుతుంది. మూడింటికీ చేసి చూపించాను. అవే ప్రశ్నలు అన్నయ్యగారినీ అడగబోయారు. ఆయన మొదటిదానికి, "చూడాలండీ," అన్నారు. రెండోది అడిగే అవసరమే రాలేదు.

ఇంటికి వచ్చాక ఆ మధ్యాహ్నం అన్నయ్యగారు భోజనానికి వచ్చారు, రాకపోతే ఇంకా బాగుండదని. అత్తగారు ఫ్యాను కింది కుర్చీలో కూర్చుని ఉన్నారు. లేవలేదు. ఆయన కిటికీ పక్క ముక్కాలి పీట మీద కూర్చున్నారు.

"కడుపులో ఇంత ఉంచుకున్నావా చెల్లెమ్మా," అన్నారు నాతో. "ఒక్క మాట చెబితే సరిపోయేది కదా."

"చెప్పానండీ. పదకొండు సార్లు."

ఇది జరిగి ఐదు నెలలు. నలభై రెండు కొట్లలో ముప్ఫై ఆరు తిరిగాను. కొన్ని ఎక్కడున్నాయో నాకు తెలియదు, దారి అడుక్కుంటూ వెళ్లాను. ప్రతి కొట్టులోనూ "గురించి" నొక్కి, ఇది మొదట నేర్చుకోండి అని చూపిస్తాను. అందరికీ కలిపి పెట్టిన మొదటి పాఠంలో అన్నయ్యగారు ముందు బెంచీలోనే కూర్చోవలసి వచ్చింది, సంఘం సెక్రటరీ కాబట్టి. అద్దాలు పెట్టుకోమని నేను అడగలేదు. బోర్డు మీద రాయకుండా, అందరికీ సన్న అక్షరాల కాగితాలు పంచాను.

క్షమాపణ ఆయన ఇంతవరకూ చెప్పలేదు. చెబుతానని సున్నా పాయింట్ ఐదు సెకన్లలో ఒప్పుకున్న మనిషి. అందుకని మా కౌంటరులో, ఆయన పేరుతో లోపలికి వచ్చినప్పుడు మాత్రం, రోజూ ఉదయం ఒక డబ్బా లేస్తుంది. "ఈ ప్రోగ్రాం రాసినావిడకు మీరు ఒక మాట బాకీ." కింద ఒకటే బటన్: గుర్తుంది.

నిన్న నేను బయల్దేరుతుంటే, "ఆ డబ్బా ఇంక తీసేయకూడదూ," అన్నారు, గొంతు తగ్గించి.

"మీరు ఆ మాట చెప్పగానే అది దానంతటదే పోతుందండీ. అలాగే రాశాను."

ఆయన కౌంటరు వెనక్కి వెళ్లి జేబులోంచి అద్దాలు తీశారు. చుట్టూ ఒకసారి చూసి పెట్టుకున్నారు. తెర వైపు వంగి చదివారు. నేను గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆలస్యం చేశాను. సాయంత్రం వచ్చి పట్టీ చూశాను.

గుర్తుంది. తొమ్మిది సెకన్లు.